తోక దొరికిన పురుగు

దంతెవాడ సముద్రానికి చాలా దూరం. అయినా అక్కడ దంతేశ్వరి గుడి దగ్గర కలిసే శంఖిని, డంకిని నదుల నీరు ఇంద్రావతిలో పడి, గోదావరిలో కలిసి, చివరకు బంగాళాఖాతం చేరుతుంది. బస్తర్ అడవుల ఒండ్రు కూడా ఆ దారినే పోతుంది. నదులు అలా యుగాల తరబడి తెచ్చి పోసిన మట్టి పేరుకున్న చోటే కృష్ణా-గోదావరి బేసిన్.

ఈ బేసిన్‌లో 900 నుంచి 1800 మీటర్ల లోతున, సముద్రం అడుగునుంచి మీథేన్ వాయువు ఊరే చోట్లను కనుగొన్నట్లు గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు 2019లో ప్రకటించారు. అక్కడ దొరికిన జీవుల జాబితాలో ఆల్చిప్పలు, నత్తలతోపాటు ఒక రకం పురుగులు కూడా ఉన్నాయి. వాటిని 'పాలీకీటా, సిబోగ్లినిడే కుటుంబం' కింద చేర్చారు. ఈ రెండు పేర్లూ ఇలా పక్కపక్కన చేరడానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది!

శూకాలే గుర్తు

జంతుశాస్త్రంలో నీరిస్‌ను చదివినవారికి పాలీకీటా విభాగం తెలిసిందే. శరీరం ఖండితాలుగా ఉంటుంది. ప్రతి ఖండితానికీ ఇరువైపులా పార్శ్వపాదాలు, వాటిలో కుచ్చులుగా శూకాలు ఉంటాయి. పాలీకీటా అంటేనే 'చాలా శూకాలు గలవి' అని అర్థం. 1850లో జర్మన్ శాస్త్రజ్ఞుడు గ్రూబే ఈ పేరు పెట్టాడు. శూకం ఆకారం, తలమీది స్పర్శకాలు, మొప్పలు, దవడలు - వీటిని సూక్ష్మదర్శినిలో పోల్చి చూసి కుటుంబాలను విడదీశారు. తిరుగాడేవి ఎరాంషియా అనీ, గొట్టాల్లో స్థిరంగా ఉండేవి సెడెంటేరియా అనీ రెండు పెద్ద గుంపులు చేశారు.

మన దేశపు పాలీకీట్లకు ప్రామాణిక గ్రంథం రాసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ ఫావెల్‌ది కూడా ఈ పద్ధతే. 'ఫానా ఆఫ్ ఇండియా' వరుసలో ఆ గ్రంథం 1953లో వచ్చింది. కొద్ది ఏళ్లకే, 1958లో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి, వై. రాధాకృష్ణ వాల్తేరు తీరపు ప్లవకాల్లోని పాలీకీట్ డింభకాలను వర్ణించారు. పెద్ద జీవిలో మరుగునపడిన చుట్టరికం ఒక్కోసారి డింభకంలో బయటపడుతుంది. మన కథలోనూ ఇది జరిగింది.

నోరు లేదు, పేగు లేదు

1899-1900లో 'సిబోగా' అనే డచ్చి ఓడ నేటి ఇండోనేషియా సముద్రాల్లో అన్వేషణ జరిపింది. లోతునుంచి తీసిన బురదలో సన్నని గొట్టాలు, వాటిలో దారపు పోగుల్లాంటి జీవులు కనిపించాయి. వాటికి నోరు లేదు, పేగు లేదు, పాయువూ లేదు! ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కొల్లెరీ 1914లో ఓడ పేరు కలిపి ఈ జీవికి 'సిబోగ్లినమ్' అని పేరు పెట్టాడు. కాని అది ఏ వర్గానికి చెందుతుందో తేల్చలేకపోయాడు.

1933లో సోవియట్ శాస్త్రజ్ఞుడు ఉషాకోవ్ ఓఖోత్స్క్ సముద్రంలో ఇలాంటి జీవినే చూసి, ఇది పాలీకీటే అన్నాడు. ఇతరులు ఒప్పుకోలేదు. ఖండితాలు లేని జీవి అనెలిడా ఎలా అవుతుంది? 'గడ్డం గలవి' అనే అర్థంలో పోగోనోఫోరా అని పేరు వచ్చింది. క్రమంగా అది ప్రత్యేక వర్గమైంది. దాని శరీరకుహరం మూడు భాగాలుగా ఉందని చూసిన ఇవనోవ్, ఆ వర్గాన్ని బలనోగ్లాసస్ పక్కన చేర్చాడు. అంటే వానపాముకన్నా మన కార్డేటాకే అది దగ్గరి చుట్టమని లెక్క!

అసలు కారణం బురదలోనే ఉండిపోయింది. ఈ జీవి వెనుక కొస బురదలో లోతుగా దిగి ఉంటుంది. ఓడనుంచి వల లాగినప్పుడు అది తెగి అక్కడే మిగిలిపోతుంది. అలా తెగిన నమూనాలే ప్రయోగశాలలకు చేరాయి. 1964లో మైకేల్ వెబ్ నార్వే తీరపు జాతి ఒకదానిలో ఆ వెనుక కొసను వర్ణించాడు. దానిలో పొట్టి ఖండితాలు ఉన్నాయి, వాటికి శూకాలూ ఉన్నాయి!

మళ్లీ చిక్కు

అయినా వివాదం తీరలేదు. 1977లో గాలపగోస్ దగ్గర సుమారు 2500 మీటర్ల లోతున, వేడినీటి ఊటల పక్కన భారీ గొట్టపు పురుగులు కనిపించాయి. వీటికి రిఫ్టియా అని పేరు పెట్టారు. వీటిని కూడా 1985లో మరో ప్రత్యేక వర్గంగా ప్రతిపాదించారు. నోరులేని రిఫ్టియా బతికేదెలా? దాని దేహంలో కాపురముండే బాక్టీరియాలు హైడ్రోజన్ సల్ఫైడ్‌నుంచి శక్తి పొంది ఆహారం తయారుచేస్తాయని 1981లో తేలింది. పసిదశలో మాత్రం దానికి నోరూ పేగూ ఉంటాయని తర్వాత బయటపడింది. పెరిగేకొద్దీ అవి పోతాయి.

1997లో రౌస్, ఫౌకాల్డ్ శరీర లక్షణాలను పట్టికలుగా వేసి విశ్లేషించారు. అదే సంవత్సరం మెక్‌హ్యూ ఒక జన్యువును పోల్చి చూసింది. రెండు దారులూ పోగోనోఫోరా అనెలిడాలోనిదే అన్న చోటికి చేరాయి. రెండు వర్గాలూ కలిసి కొల్లెరీనాటి పేరుతో ఒక్క కుటుంబంగా మిగిలాయి. అదే సిబోగ్లినిడే.

2011లో స్ట్రక్ బృందం చాలా జన్యువులను పోల్చింది. కృత్రిమమని పక్కనపెట్టిన ఎరాంషియా, సెడెంటేరియా గుంపులు కొన్ని మార్పులతో తిరిగి వచ్చాయి. విచిత్రమేమిటంటే వానపాము, జలగ కూడా సెడెంటేరియాలోనే చేరాయి. కాబట్టి పాఠ్యపుస్తకాల్లోని పాలీకీటా విభాగం సౌకర్యం కోసం వాడే పేరే తప్ప, ఒకే వంశమంతా అందులో లేదు.

కృష్ణా-గోదావరి బేసిన్‌లో మంచులాంటి గ్యాస్ హైడ్రేట్ నిల్వలు దండిగా ఉన్నట్లు 2006 తవ్వకాల్లో తేలింది. రేపు ఆ మీథేన్‌ను తీయబోతే, దాన్ని నమ్ముకుని బతికే జీవులేవో ముందుగా తెలియాలి. అందుకు సరైన పేరు కావాలి. పేరు పెట్టడానికి నమూనా తలనుంచి తోకదాకా కావాలి. తెగిన నమూనా అయితే, తెగినదని సీసాకు అంటించే చీటీమీద రాసి ఉంచాలి.