ఊడ్చిన ధాన్యాగారము

క్రీ.శ. 1325లో ఢిల్లీ సమీపమందలి గియాస్‌పూరులో షేక్ నిజాముద్దీన్ ఔలియా వ్యాధిగ్రస్తుడై యుండెను. ఆయన ఖాన్‌ఖాకు కానుకలు వెల్లువలుగ వచ్చెడివి. వచ్చినవి వచ్చినట్లే అన్నార్తులకు పోయెడివి. అవసానము సమీపించినదని యెరిగి, ఇంట నేమియు మిగులరాదని ఆయన తన సేవకుడైన ఇక్బాలును ఆజ్ఞాపించెను. ఇక్బాలు సర్వమును పంచిపెట్టెను గాని, ఆశ్రితుల భోజనమునకై కొంత ధాన్యము నిలిపియుంచెను. ఇది తప్పనుట సులభము కాదు. ఆకలిగొనువారు ఆ యింటనే యున్నారు గదా! షేక్ మాత్రము కోపించి, కొట్ల తలుపులు తెరిపించి, జనులను పిలిపించి, గింజ మిగులకుండ పంచివేయించి, నేలను ఊడ్పించెనని అమీర్ ఖుర్ద్ ‘సియరుల్ ఔలియా’లో వ్రాసెను. నిలువయున్న ప్రతి వస్తువునకును దేవుని యెదుట లెక్క చెప్పవలసియుండునని ఆయన భయము.

ఇస్లాములో మరణసన్నాహమనగా తుదిగడియలో కలిమా పఠించుటతో తీరునది కాదు. మృతుని ఆస్తి వారసులకు చేరుటకు ముందే అతని ఋణములు తీరవలెను. అన్యాయమునకు గురియైన మనుష్యుడు క్షమింపనిదే ఆ దోషము తొలగదని ధర్మవేత్తలందురు. అట్టి క్షమాపణ కోరుటకు రోగశయ్యపై వ్యవధి యుండదు. అంగడిలోను, పొరుగింటి వాకిటను, ఆరోగ్యముగ నున్ననాడే కోరవలెను.

ఆ చివరి దినములలో షేక్ మాటిమాటికి స్పృహ తప్పి తేరుకొనుచు, ‘నమాజు చేసితినా?’ యని యడిగెడివాడట. చేసితిరని చెప్పినను మరల చేసెడివాడు. తన్ను కట్టడముల క్రింద గాక బయలులో ఖననము చేయుడని కోరెను. అట్లే చేసిరి. పిమ్మట సుల్తాను ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఆ సమాధిపై గుమ్మటము కట్టించెను.