అంకుల్ అనే మాట వెనుక మేనమామ



కొన్నేళ్ల కిందట మా బడిలో ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు ఇంగ్లీషులో సెలవు చీటీ రాసి తెచ్చాడు. అంకుల్ చనిపోయారు, నాలుగు రోజులు సెలవు కావాలని అందులో ఉంది. ఎవరో దూరపు చుట్టం అనుకుని ఒక్కరోజే ఇచ్చాను. పోయినాయన వాడి మేనమామ అనీ, తండ్రి లేని ఆ పిల్లవాణ్ణి పెంచింది ఆయనేననీ తరువాత తెలిసింది. చీటీలో ఇంగ్లీషు తప్పు లేదు. ఏ అంకుల్ అని అడగకపోవడం నా తప్పు. అప్పటి నుంచి ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు వెతకడం మొదలుపెట్టాను. ఈ పూట మీతో పంచుకునేది అదే.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషు ఇలా లేదండీ. మేనమామను ఏఆమ్ అనేవారు. తండ్రి అన్నదమ్ములను ఫ్యాదెరా అనేవారు. మేనత్త ఫాథు, తల్లి అక్కచెల్లెళ్లు మోద్రియె. మనకు ఉన్నట్టే ఏ వరసకు ఆ పేరు ఉండేది. 1066లో నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లాండును గెలిచాడు. రాజుగారి కొలువులో ఫ్రెంచి నడిచింది. తరువాతి శతాబ్దాలలో అంకుల్, ఆంట్, కజిన్ ఆ భాష నుంచే వచ్చి పాత మాటలను పక్కకు నెట్టాయి. ఫాదర్, మదర్, బ్రదర్ మాత్రం పాతవే నిలిచాయి. 1954 దాకా ఫ్రెంచి పాలన చూసిన యానాం పెద్దలకు ఓంక్ల్, తాంత్ అన్న మాటలు చెవినపడే ఉంటాయి. ఇంగ్లీషు మాటలు వాటి చుట్టాలే.

ఇంకో వింత వినండి. అంకుల్‌కు మూలం అవుంకులుస్ అనే లాటిన్ మాట. దానికి అర్థం అచ్చంగా మేనమామ. ఆంట్‌కు మూలమైన అమిత అంటే మేనత్త. వాడుకలో అరిగి అరిగి అవి అందరికీ చెల్లిపోయాయి.

కజిన్ సంగతీ అంతే. మనకు పెదనాన్న కొడుకు అన్న, మేనమామ కొడుకు బావ. బావతో పెళ్లిమాట ఎత్తవచ్చు, అన్నతో ఎత్తకూడదు. 1871లో అమెరికా పండితుడు లూయిస్ హెన్రీ మోర్గన్ లోకంలోని చుట్టరికాల పేర్లను పట్టికలుగా అచ్చువేశాడు. అందులో తమిళ, తెలుగు, కన్నడ వరసలు కూడా ఉన్నాయి. మూడింటి అమరికా ఒక్కటే. సరిహద్దులో ఉన్న మనకు ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. అక్క ఇటూ అక్కే, అటూ అక్కే.

ఇక పిల్లలను ఏడిపించేవి జంట క్రియలు. లుక్ అంటే చూడడం, లుక్ ఆఫ్టర్ అంటే చూసుకోవడం. ఇది మనకు కొత్తేమీ కాదు. అమ్మను చూశాను అనడం వేరు, అమ్మను చూసుకున్నాను అనడం వేరు కదా! బ్రింగ్ అప్ అంటే పెంచడం. టేక్ ఆఫ్టర్ అంటే పోలిక రావడం. ఫాల్ ఔట్ అంటే తగవుపడి ఎడమొహం పెడమొహం కావడం. మేక్ అప్ అంటే మళ్లీ కలిసిపోవడం. ఇవి పరాయివారికి కష్టమని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. కనుక మీ పిల్లలకు రాకపోతే మొద్దులని తిట్టకండి. ముందు తెలుగులో జత చూపించండి, తరువాత ఇంగ్లీషు చెప్పండి.

ఇప్పుడు నా తరగతిలో అంకుల్ అని రాసి ఊరుకోనివ్వను. మై మదర్స్ బ్రదర్ బ్రాట్ మీ అప్ అని రాయిస్తాను. మా మేనమామ నన్ను పెంచాడు అని దాని భావం. ఇలా రాస్తే చదివినవారికి పోయిందెవరో తెలుస్తుంది, సెలవు ఎన్నాళ్లు ఇవ్వాలో కూడా తెలుస్తుంది.

మీ ఇళ్లలో కూడా ఒక పని చేయండి. ఇంగ్లీషు బాగా నేర్పండి, కానీ అత్తను అత్త అనే, పిన్నిని పిన్ని అనే పిలిపించండి. ఇంగ్లీషువారి పాత వరసలు పరాయి కొలువు వచ్చాక మరుగునపడ్డాయి. మన వరసలను మనమే వదులుకోవలసిన అవసరం ఏముంది?