చాకొలెట్టు పూత ఫలములు

పెండ్లికి ముందు చెలికత్తెలు పెండ్లికూతురిని మధ్య కూర్చుండబెట్టి కానుకలొసంగి వినోదించు ‘బ్రైడల్ షవర్’ అను వేడుకయందు, కరిగించిన చాకొలెట్టులో ముంచి, గడ్డకట్టిన పిదప రంగురంగుల గీతలతోడను బంగారు పొడితోడను అలంకరించి పళ్ళెరములలో తీర్చి పెట్టు పండ్లకు ఈ పేరు. హైదరాబాదునందు ఈ వేడుక ఇటీవలి ఆచారము. నలుగును మంగళస్నానమును ఇది తొలగింపలేదు, వాని ప్రక్కన చోటు సంపాదించుకొన్నది.

1828లో ఆమ్‌స్టర్‌డామునందు వాన్ హౌటెన్ వారు కోకో గింజలనుండి వెన్నను పిండి తీయు యంత్రమునకు హక్కులు పొందుటయు, 1847లో బ్రిస్టలునందలి ఫ్రై సంస్థ తినదగిన చాకొలెట్టు పలకను చేయుటయు, 1879లో లింట్ అను స్విట్జర్లాండు దేశస్థుడు దానిని గంటలకొలది మర్దించి నునుపుచేయు విధమును కనిపెట్టుటయు జరుగకున్నచో పండుపై పలుచని పూత అసాధ్యమై యుండెడిది. స్ట్రాబెర్రీని ఇట్లు ముంచి అమ్ముట 1960లలో చికాగోలోని ఒక దుకాణమున మొదలయ్యెనని ప్రసిద్ధి.

తెలుగువారి పెండ్లిలో పండ్లపళ్ళెరమునకు ఎవరి అనుమతియు అక్కరలేదు. తాంబూలములు మార్చుకొనునాడు మొదలు ఒడిబియ్యము పోయువరకు ఫలము లేని శుభకార్యమే లేదు. కొయ్య అచ్చులలో పాకము పోసి తీసిన పంచదార చిలకలు సారెలో ఏనాటినుండియో వెళ్ళుచునే యున్నవి. తీపిని కన్నులకు విందుగా మలచుట మనకు క్రొత్త కాదు గనుకనే ఈ పరదేశపు అలంకారము ఇంత త్వరగా ఇమిడిపోయినదని నా తలంపు.

హైదరాబాదులోని లాలాపేట, నాచారము, ఉప్పల్ ప్రాంతమునకు పండ్లతో ప్రత్యేక సంబంధము కలదు. పందొమ్మిదవ శతాబ్ది చివర హైదరాబాదులో వెలుగుచూచిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలు ఒకప్పుడు ఉప్పల్ చుట్టుపట్ల విరివిగా నుండి, నగరము విస్తరించినకొలది ఇండ్లస్థలములయ్యెను. ఇక కోకోయో, గోదావరి మండలమున కొబ్బరితోటల నీడలో పండుచున్నది. 2023లో బంజారాహిల్సులో వెలసిన ‘మనం’ చాకొలెట్టు కర్మశాల ఆ గింజలతోనే ప్రసిద్ధికెక్కెను.

పూత వేయు పనిలోని కష్టమంతయు వేడిమిలో నున్నది. కోకోవెన్న అనేకవిధములైన స్ఫటికములుగా గడ్డకట్టును. అందొక్కటియే మెరుపును, విరిచినప్పుడు ‘టక్కు’మను శబ్దమును ఇచ్చును. దానిని రప్పించుటకై నల్ల చాకొలెట్టును 45–50 డిగ్రీల సెంటిగ్రేడువరకు కరిగించి, 27–28కి చల్లార్చి, మరల 31–32కి తెచ్చి, అప్పుడు పండును ముంచవలెను. ఒక్క నీటిబొట్టు పడినను పాకము ముద్దకట్టును గావున, కడిగిన పండును తడి లేకుండ తుడిచి ఆరబెట్టుట మొదటి నియమము. ఆ స్ఫటికమైనను 34 డిగ్రీల దాపున కరిగిపోవునది. హైదరాబాదు ఎండ వైశాఖమున 40 దాటును. అందుచేతనే పెక్కుమంది కోకోవెన్నకు బదులు వనస్పతివంటి క్రొవ్వు చేర్చిన ‘కాంపౌండు’ పలకను వాడుదురు. స్ఫటికముల బెడద లేదు, ఖర్చు తక్కువ; నాలుకపై మైనమువలె నిలుచునన్న దోషమును మాత్రము కప్పిపుచ్చుట ఏ రంగుపొడికిని సాధ్యము కాదు. శీతలపేటికలో దాచుట మరియొక ప్రమాదము: బయటికి తీసినంతనే చెమ్మపట్టి మెరుపు మాయమగును.

పండు నెంచుకొనుటయు ఋతువును, ముహూర్తమును బట్టియే. మాఘ ఫాల్గుణములందు మహాబలేశ్వరపు స్ట్రాబెర్రీ దొరకును, ద్రాక్షయు పక్వమునకు వచ్చును. చర్మము చెడని ద్రాక్షపై పూత చక్కగా పట్టును. కోసిన నారింజ తొనలను, అరటి ముక్కలను ముంచిన కొన్ని గంటలలోనే వడ్డింపవలెను. వైశాఖ జ్యేష్ఠ ముహూర్తములకు మామిడిపండు చేతికందినను, దాని రసము పూతను నిలువనీయదు. అట్టివేళ ఖర్జూరములోని గింజ తీసి బాదము నుంచియో, హైదరాబాదువారికి ప్రియమైన ఎండు ఖుబానీని గింజ తీసియో సగమువరకు ముంచుట మేలు. ఎండు ఫలములో చెమ్మ స్వల్పము గనుక పూత ఎక్కువ దినములు నిలుచును.