పొన్నగంటికూర తిననందుకేనా?

మా అమ్మమ్మగారిది కోనసీమ. ఆవిడ చెల్లెలు, మా చిన్నమ్మమ్మ, మేనబావనే చేసుకుంది. మొదటి కొడుకు పుట్టిన కొన్ని నెలలకే తెలిసింది, వాడు తల్లి ముఖం చూడడనీ, దీపంకేసే చూస్తూ పడుకుంటాడనీ. "కడుపుతో ఉన్నప్పుడు పొన్నగంటికూర తినవే అంటే విన్నదా!" అంది అత్తగారు. ఆవిడ సొంత మేనత్తే సుమండీ! ఆ మాట చిన్నమ్మమ్మ చచ్చేదాకా మోసింది. పిల్లవాడికి మాత్రం ఆ కూర వండి పెడుతూనే ఉండేది.

ఈమధ్య పుట్టుకతో వచ్చే చూపులేమి గురించి చదువుతుంటే ఆ పిల్లవాడే కళ్ళముందు మెదిలాడు. ఇలాంటి జబ్బుని 1869లోనే థియొడోర్ లెబర్ అనే జర్మన్ కంటి వైద్యుడు వర్ణించాడు. దాని కారణాల్లో ఒకటి, ఆర్‌పిఇ 65 అనే జన్యువు చెడిపోవడమని 1997లో బయటపడింది. ఆకుకూరలనించి వచ్చే ఎ విటమిన్‌ని కన్ను వాడుకునే రూపంలోకి మార్చే పని దానిది. అది చెడ్డాక వీశెలకొద్దీ పొన్నగంటికూర తిన్నా ఏం లాభం? ఇంటినిండా బియ్యం ఉండి పొయ్యి వెలగనట్టే!

ఆ జన్యువు ప్రతి మనిషిలోనూ రెండుంటాయి. తల్లిదొకటి, తండ్రిదొకటి. రెండూ చెడితేనే జబ్బు. ఒకటే చెడినవాళ్ళకి చూపు శుభ్రంగా ఉంటుంది, తమలో లోపం ఉన్నట్టే తెలియదు. ఒకే తాత మనవలు పెళ్ళాడితే, ఆయన దగ్గరున్న లోపం రెండువైపులనించీ వచ్చి బిడ్డలో కలుసుకునే అవకాశం ఎక్కువ.

మరి వైద్యం? మనిషికి జబ్బు చెయ్యని ఒక చిన్న వైరస్‌ని పట్టి, దాని సొంత జన్యువుల్ని తీసేసి, మంచి జన్యువుని అందులో ఉంచుతారు. కంటి వెనక తెర, అదే రెటీనా, దాని కిందకి సూదితో పంపుతారు. కణాల్లోకి దూరడం వైరస్‌కి పుట్టువిద్య కదా, మోసుకెళ్ళి అప్పగిస్తుంది.

ఇదేమీ సులువుగా రాలేదు. 1999లో ఫిలడెల్ఫియాలో వేరే జబ్బుకి, వేరే వైరస్‌తో చేసిన ప్రయత్నంలో 18 ఏళ్ళ కుర్రవాడు చనిపోయాడు. జన్యువైద్యమంటేనే జనం జంకారు. 2001లో అదే ఊళ్ళోని జీన్ బెన్నెట్, ఆల్బర్ట్ మగ్వైర్ దంపతులు తోటివారితో కలిసి, ఈ లోపంతో పుట్టిన కుక్కలకి చూపు తెప్పించారు. 2007లో మనుషులమీద పరీక్షలు మొదలై, 2017 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. 2018లో ప్రకటించిన ధర రెండు కళ్ళకీ 8,50,000 డాలర్లు! అదీ ఈ ఒక్క జన్యువు చెడినవాళ్ళకే, రెటీనా కణాలింకా బతికి ఉంటేనే.

ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన సినిమా ప్రసాద్‌గారి పేరు పెట్టుకుని 1987లో హైదరాబాదులో వెలిసిన కంటి సంస్థలో ఇలాంటి జన్యువులమీద పరిశోధన జరుగుతోంది. మందు అందకపోయినా, పరీక్ష మనకి దూరం కాదన్నమాట.

మొన్న మా బంధువుల ఇంట్లో మళ్ళీ మేనరికం మాటొచ్చింది. ముందు పరీక్ష చేయించమన్నాను. "సరే, పిల్లని తీసుకెళతాం" అన్నారు.

"పిల్లవాణ్ణి కూడా" అన్నాను.

"వాడికెందుకే?" అంది పెద్దత్తయ్య.

కూర్చోబెట్టి చిన్నమ్మమ్మ కథ మొదలుపెట్టాను.