పాదరసం పేరుకున్న పవిత్ర సరస్సు

ఈ సంచికలో మన పోరాటాల చరిత్రే ఎక్కువగా ఉంటుంది. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈసారి దూరదేశపు ఆదివాసుల కథ ఒకటి చెప్పాలనుకున్నాం.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం, సిరక్యూస్ నగరం పక్కన ఒనొండాగా సరస్సు ఉంది. తమలో తాము కొట్టుకుంటున్న మొహాక్, ఒనైడా, ఒనొండాగా, కయుగా, సెనెకా తెగలు ఆ ఒడ్డునే ఆయుధాలు పాతిపెట్టి ఒక్కటయ్యాయని వాళ్ల పెద్దలు చెబుతారు. మనకు దేవర గుట్ట ఎంతో, వాళ్లకు ఆ నీళ్లు అంత.

ఆ నేలలో ఉప్పు, సున్నపురాయి దొరకడమే శాపమైంది. 1880లలో సోడా ఫ్యాక్టరీ వచ్చింది. దాని తెల్లటి వ్యర్థాలను ఒడ్డునున్న చిత్తడి నేలల్లో గుట్టలుగా పోశారు. 1946 నుంచి 1970 వరకు క్లోరిన్ తయారీలో వాడిన పాదరసం సుమారు 75 టన్నులు సరస్సులో కలిసింది. నగరపు మురుగు సరేసరి. 1940లో ఈత, 1970లో చేపల వేట నిషేధించారు.

పాదరసం మామూలు మురికి కాదు. బురదలోని సూక్ష్మజీవులు దాన్ని మరింత విషంగా మారుస్తాయి. అది పురుగు నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి పెద్ద చేపకు ఎక్కుతూ చిక్కబడుతుంది. నీళ్లు తేటగా ఉన్నా చేపలో విషం ఉంటుంది.

2012 నుంచి 2014 వరకు సుమారు 17 లక్షల ఘనమీటర్ల బురద తోడి, పెద్ద గుడ్డ గొట్టాల్లో నింపి నీరు పిండారు. తోడగా మిగిలిన చోట 450 ఎకరాలకు పైగా అడుగును ఇసుక, కంకరతో కప్పారు. ఒడ్డున స్థానిక మొక్కలు నాటి చిత్తడి నేలలను మళ్లీ నిలబెట్టారు. చలికాలంలో గద్దలు తిరిగి వచ్చాయి. ఇది చిన్న పనేమీ కాదు.

కానీ ఒనొండాగా వాళ్లు ఒప్పుకోలేదు. విషాన్ని కప్పితే పోయినట్టు కాదు, మొత్తం తీయండి అన్నారు. మాకూ వాళ్ల మాటే సబబనిపిస్తుంది.

అంతకు ముందే, 2005లో, భూమి మీద దావా వేశారు. గిరిజనేతరులకు భూమి పోకుండా మనకు 1/70 చట్టం ఉన్నట్టే, కేంద్రం అనుమతి లేకుండా ఆదివాసుల భూమి కొనకూడదని అమెరికాలో 1790లోనే చట్టం వచ్చింది. న్యూయార్క్ దాన్ని పట్టించుకోలేదన్నది వాళ్ల వాదన. అడగడం మరీ ఆలస్యమైందంటూ 2010లో కోర్టు కొట్టేసింది. అడగనిచ్చింది ఎప్పుడు?

2022లో సరస్సు నష్టపరిహార ఒప్పందం కింద, ఒనొండాగా వాగు పుట్టే లోయలో 1,000 ఎకరాలకు పైగా అడవి, చిత్తడి నేల తిరిగివ్వడానికి అంగీకరించారు. 2024లో హక్కుపత్రం వాళ్ల చేతికొచ్చింది. సరస్సు చేపలు పిల్లలు తినకూడదన్న హెచ్చరిక మాత్రం ఆ తర్వాత కూడా అలాగే ఉంది.