కాడసిల్
కాడసిల్ అనేది మెదడులోని సన్నని రక్తనాళాలను దెబ్బతీసి, పదేపదే పక్షవాతం కలిగించే వంశపారంపర్య వ్యాధి. 19వ క్రోమోజోముపై గల నాచ్3 జన్యువులోని ఉత్పరివర్తనం దీనికి మూలకారణం. ఈ జన్యువుకు, వ్యాధికి గల సంబంధాన్ని 1996లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు కనుగొన్నారు.

కారణం
నాచ్3 జన్యువు ఒక గ్రాహక ప్రోటీనును తయారుచేస్తుంది. ఇది ధమనుల గోడలలోని కండర కణాలపై ఉండి, పొరుగు కణాల సంకేతాలను అందుకొంటుంది. దీని వెలుపలి భాగంలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు జతలుజతలుగా ఉంటాయి. ఉత్పరివర్తనం వలన ఒక సిస్టీన్ తగ్గినా, పెరిగినా జత చెడుతుంది. అప్పుడు ఆ భాగం నాళాల గోడలలో పేరుకొని, కండర కణాలు క్రమంగా నశిస్తాయి. గోడలు మందమై రక్తప్రసరణ తగ్గుతుంది.

లక్షణాలు
మొదట మైగ్రేన్ తలనొప్పి, తరువాత సాధారణంగా 40-60 ఏళ్ళ మధ్య పక్షవాతం, మానసిక కుంగుబాటు, మతిమరుపు కనిపిస్తాయి. రక్తపోటు లేనివారికి కూడా ఈ వ్యాధి రావచ్చు.

అనువంశికత
తల్లిదండ్రులలో ఒకరికి ఈ ఉత్పరివర్తనం ఉంటే, ఆడపిల్లయినా మగపిల్లవాడయినా ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం 50 శాతం. అయితే ఉత్పరివర్తనం జన్యువులో ఎక్కడ ఉన్నదనే దానిని బట్టి తీవ్రత మారుతుంది. కొందరికి వృద్ధాప్యం వరకు ఏ లక్షణమూ కనిపించదు. కావున జన్యుపరీక్ష ఫలితం ఒక్కటే భవిష్యత్తును నిర్ణయించదు.

చికిత్స
వ్యాధిని పూర్తిగా నయంచేసే మందు లేదు. పొగత్రాగడం మానటం, రక్తపోటును అదుపులో ఉంచుకోవటం వలన పక్షవాతం ముప్పు తగ్గుతుంది.