మబ్బుల కింద ఒక గంట

1821 సెప్టెంబరు 11, మంగళవారం. పొద్దున పదవుతోంది. లండన్‌కు ఉత్తరాన హాంప్‌స్టెడ్ గుట్ట. నిన్న ఉరుములతో కురిసిన జడివాన తడి గడ్డి మొదళ్లలో ఇంకా ఆరలేదు. అప్పుడే ఉక్కపోత మొదలైంది. అక్కడ కూర్చున్న చిత్రకారుడి వెనక రెండడుగుల దూరంలో నిలబడండి. పలకరించకండి, ఆయనకు ఇప్పుడు క్షణం తీరిక లేదు.

జాన్ కాన్‌స్టబుల్‌కు 45 ఏళ్లు. రంగులపెట్టె ఒళ్లో పెట్టుకుని, మూత ఎత్తి, దాని లోపలివైపు ఒక కాగితాన్ని గుండుసూదులతో గుచ్చాడు. అడ్డం 30 సెంటీమీటర్లు, నిలువు 24. అంతే. నూనెరంగులు ట్యూబుల్లో దొరకడానికి ఇంకో 20 ఏళ్లు పడుతుంది. ఇప్పుడు అవి పంది మూత్రాశయపు పొరల్లో, చిన్న చిన్న మూటలుగా ఉన్నాయి. మూటకు చిల్లు పొడిచి నొక్కితే రంగు బయటికి వస్తుంది. అవిసెనూనె వాసన మీ దాకా వస్తోంది.

ఇక తలెత్తండి. ఎండకు కళ్లు చికిలించుకోవాల్సిందే, ఆయన సూర్యుడి దిక్కుకే కూర్చున్నాడు. వెలుగు మబ్బుల వెనక నుంచి వస్తోంది. అంచులు వెండి, కడుపులు బూడిద. వాటి చాటున ఆకాశం వెచ్చగా కనిపిస్తోంది. నైరుతి గాలి ఉందా లేదా అన్నట్టుంది. మబ్బులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. కుంచెకు రంగు అంటించి తలెత్తేసరికి ఇందాకటి మబ్బు ఇందాకటిలా లేదు. తెలుపు ఆరకముందే దాని మీద బూడిదరంగు లాగుతున్నాడు. రెండూ కలిసిపోయినచోట మబ్బు మెత్తబడింది. అది చెయ్యి తప్పడం అనుకోకండి, అక్కడే కాసేపు చూపు నిలపండి.

పోయిన మబ్బు వెంట ఆయన పరిగెత్తడం లేదు. అది ఎటు విచ్చుకుంటుందో ఆయనకు ముందే తెలుసు. ఆ చదువు గాలిమర దగ్గర అబ్బింది. సఫోక్ ప్రాంతంలోని ఈస్ట్ బెర్గోల్ట్‌లో తండ్రి గోల్డింగ్ కాన్‌స్టబుల్‌కు పిండిమరలు ఉండేవి. కుర్రతనంలో దాదాపు ఏడాదిపాటు ఆ పని చేశాడు. దూరాన లేచిన మబ్బును తప్పుగా చదివితే పెనుగాలికి మర రెక్కలు విరుగుతాయి. రెక్కల గుడ్డ ఎప్పుడు చుట్టాలో మబ్బును అడిగే తెలుసుకోవాలి. 1792లో ఆ మర కొయ్య మీద తన పేరు, పక్కనే గాలిమర బొమ్మ చెక్కుకున్నాడు.

కాగితం అడుగున చెట్ల ముదురు పచ్చ, కుడివైపు ఒక చెట్టు. మిగతాదంతా ఆకాశమే. ఇది ఎవరో అడిగిన బొమ్మ కాదు, అమ్మకానికీ కాదు. ఈ ఏడాదే రాయల్ అకాడమీలో పెట్టిన పెద్ద చిత్రం, ఇప్పుడు లోకమంతా ఎరిగిన ‘ది హే వెయిన్’, అమ్ముడుపోలేదు. ఇంట్లో ముగ్గురు పిల్లలు. భార్య మరియా ఆరోగ్యానికి లండన్ పొగ పడదని ఈ గుట్ట మీద ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఆకాశాన్ని వెనక కట్టిన తెల్లగుడ్డలా వదిలెయ్యమని ఆయనకు సలహా ఇచ్చినవాళ్లున్నారు. వచ్చే నెలలో మిత్రుడు జాన్ ఫిషర్‌కు రాసే ఉత్తరంలో ఆయన దీనికి జవాబు చెప్తాడు: ప్రకృతి చిత్రంలో భావం పలికేది ముఖ్యంగా ఆకాశంలోనే అని. నన్నడిగితే ఆరడుగుల కాన్వాసులకన్నా ఈ చిన్న కాగితాల్లోనే ఆయన గుండె దగ్గరగా వినిపిస్తుంది.

పదకొండయింది. కుంచెలు తుడిచేశాడు. తడి బొమ్మ చెదరకుండా లోయర్ టెరస్‌లోని అద్దె ఇంటికి తిరిగి నడుస్తున్నాడు, మీరూ రండి. తోటలో చిన్న పాక. ఇసుక, బొగ్గు, చీపుళ్లు ఉండే చోటు. అవన్నీ తీయించి పనిగదిగా చేసుకున్నాడు.

కాగితం వెనక రాస్తాడు: ఊరు, తేదీ, పొద్దున 10 నుంచి 11. సూర్యుడి కింద. వెండిబూడిద మబ్బులు, ఉక్క, నైరుతి దిక్కున పల్చటి గాలి. గంటకో మబ్బు లెక్క రాసుకునే గుమస్తాలా. మరుసటి ఏడు ఇలాంటివి 50 దాకా వేశానని ఫిషర్‌కే రాస్తాడు.

వెళ్లకండి, చీకటి పడనివ్వండి. పగలంతా తెరిపిగానే ఉంది. రాత్రి వాన పట్టుకుంది.

కాగితం మళ్లీ తిరగేస్తాడు. బొమ్మలో ఆ వాన లేదు, ఉండేందుకు వీల్లేదు. అయినా ఆ పూట మబ్బు దేన్ని మోసుకొచ్చిందో తేలింది కదా! మరవాడి కొడుకు తన చదువును సరిచూసుకుంటున్నాడని నాకు అనిపిస్తుంది. రోజంతా బాగుంది, ఆ రాత్రి మాత్రం వాన అని చివర చేరుస్తాడు. ముందువైపు రంగు ఇంకా ఆరలేదు.